స్కేల్ మోడల్ ట్యాంకుకు మూడు రంగుల క్యామోఫ్లాజ్ వేయడం ఎలా?

"రంగులు సరైనవే కొన్నాను. బాటిల్ మీద నంబర్లు కూడా సరిపోయాయి. అయినా నా ట్యాంకు ఆవు మచ్చలు వేసిన బొమ్మలా ఉంది. ఎందుకు?"

కొత్తగా కిట్లు కడుతున్నవాళ్లలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు మొత్తం పద్ధతి ఒకచోట పెడుతున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. తేడా చాలాసార్లు రంగులో ఉండదు, మచ్చ అంచులో ఉంటుంది, మచ్చ సైజులో ఉంటుంది. రంగు షేడ్ కాస్త అటూ ఇటూ అయినా చూసేవాళ్ల కన్ను ఒప్పుకుంటుంది. అంచు మందంగా మసకబారితే మాత్రం మోడల్ ఎంత బాగా కట్టినా బొమ్మలాగే కనిపిస్తుంది.

ఉదాహరణకు 1/35 స్కేల్‌లో (అసలు దానిలో 35వ వంతు సైజు) రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ పాంజర్ 4 తీసుకుందాం. 1943 ఫిబ్రవరిలో జర్మన్ సైన్యం ముదురు బూడిద రంగును వదిలేసి, ఫ్యాక్టరీ నుంచి వచ్చే ట్యాంకులకు ముదురు పసుపును బేస్‌గా నిర్ణయించింది. దాని మీద వేసుకోవడానికి ఆలివ్ ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగులను ముద్దగా డబ్బాల్లో యూనిట్లకు పంపేవారు. సిబ్బంది వాటిని నీళ్లతోనో పెట్రోలుతోనో పలచన చేసి తామే స్ప్రే చేసేవారు. అందుకే ఒక ట్యాంకు డిజైన్ ఇంకోదానితో కలవదు, ఒకే రంగు ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలచగా ఉంటుంది. కొత్తవాళ్లకు ఇది మంచి సబ్జెక్ట్. చేయి కాస్త వణికినా తప్పుగా కనిపించదు.

నాటో మూడు రంగుల స్కీమ్ (ఆకుపచ్చ, గోధుమ, నలుపు) అలా కాదు. అక్కడ ఒక్కో రకం వాహనానికి ఒక్కో డ్రాయింగ్ ఉంటుంది, మచ్చలు ఆ డ్రాయింగ్ ప్రకారమే పడతాయి. ఆ మోడల్ చేస్తుంటే మీ ఊహతో మచ్చలు వేయకండి, కిట్‌లో వచ్చిన కలర్ గైడ్‌నే అనుసరించండి.

కావాల్సినవి

- గాలినీ రంగునూ విడివిడిగా వదలగలిగే డబుల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న స్ప్రే పరికరం), 0.2 లేదా 0.3 మి.మీ. నీడిల్‌తో. ఒత్తిడి తగ్గించుకునే రెగ్యులేటర్, నీటిని పట్టే ఫిల్టర్ ఉన్న కంప్రెసర్.
- గ్రే ప్రైమర్ (రంగు గట్టిగా పట్టుకోవడానికి ముందు వేసే పూత).
- మూడు రంగుల మ్యాట్ (మెరుపు లేని) యాక్రిలిక్ పెయింట్లు. టామియా కంపెనీ పెయింట్లు వాడేవాళ్లకు జర్మన్ స్కీమ్‌కైతే ఎక్స్ఎఫ్-60, ఎక్స్ఎఫ్-61, ఎక్స్ఎఫ్-64. నాటో స్కీమ్‌కైతే ఎక్స్ఎఫ్-67, ఎక్స్ఎఫ్-68, ఎక్స్ఎఫ్-69.
- ఆ పెయింట్ కంపెనీ థిన్నరే (రంగును పలచన చేసే ద్రవం). వేరే కంపెనీ థిన్నర్ కలిపితే పెయింట్ కొన్నిసార్లు పెరుగులా విరిగిపోతుంది.
- మాస్కింగ్ టేప్, గోడకు పోస్టర్లు అంటించే మెత్తటి పుట్టీ.
- గ్లాసీ (మెరిసే) వార్నిష్, మ్యాట్ వార్నిష్.
- కాటన్ బడ్స్, తెల్ల కాగితాలు, పనికిరాని పాత మోడల్ లేదా ప్లాస్టిక్ చెంచాలు.
- రెస్పిరేటర్ మాస్క్. గుడ్డ మాస్క్ దీనికి చాలదు. కిటికీలు తెరిచి ఉంచండి. థిన్నర్ ఆవిరి మండుతుంది, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఎయిర్‌బ్రష్ లేదని ఆగిపోకండి. కింద బ్రష్ పద్ధతి కూడా రాశాను.

మొదలుపెట్టే ముందు ఒక లెక్క

అసలు ట్యాంకు మీద స్ప్రే గన్ వదిలిన మసక అంచు ఒక పిడికిలి వెడల్పు, అంటే 10 సెం.మీ. అనుకుందాం. 1/35లో అది దాదాపు 3 మి.మీ. అవుతుంది. 5 సెం.మీ. అనుకుంటే 1.4 మి.మీ. మాత్రమే. 1/72 స్కేల్‌లో ఇవి మళ్లీ సగానికి తగ్గుతాయి. ఇప్పుడు మీ ఎయిర్‌బ్రష్‌తో మామూలుగా ఒక గీత గీసి, దాని మసక అంచును స్కేలుతో కొలవండి. 6 మి.మీ. వచ్చిందంటే అసలు ట్యాంకు మీద అది 21 సెం.మీ., ఒక జానెడు మసక. అసలు ట్యాంకు మీద అది మరీ ఎక్కువ. బొమ్మలా కనిపించడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

1/72లో చేసేవాళ్లు మసక అంచు కోసం తంటాలు పడకుండా, అంచును గట్టిగానే వదిలేస్తే నయం. అంత చిన్న సైజులో కన్ను ఆ తేడాను పట్టుకోదు.

చేసే పద్ధతి

1. మోడల్‌ను కడిగి ప్రైమర్ వేయండి.

గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్ సబ్బు కలిపి మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరనివ్వండి. అచ్చు నుంచి తేలికగా ఊడిరావడానికి వాడే నూనె, మీ వేళ్ల జిడ్డు రెండూ పోవాలి. తర్వాత పలచగా ప్రైమర్, ఒక రోజు ఆరబెట్టడం. ఈ మెట్టు నేను ఒకసారి ఎగ్గొట్టాను. వారం రోజులు కూర్చుని వేసిన క్యామో, మాస్కింగ్ టేప్ తీస్తుంటే టరెట్ (ట్యాంకు మీద గుండ్రంగా తిరిగే పై భాగం) పక్క నుంచి పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఆ ప్లాస్టిక్ మీద మళ్లీ రంగు సరిగ్గా పట్టనే లేదు.

పార, గొడ్డలి, కేబుల్ లాంటి పనిముట్లను ఇప్పుడే అంటించకండి. విడిగా రంగు వేసి చివర్లో పెట్టుకోండి. సైడ్ స్కర్టులు (పక్కల వేలాడే రక్షణ పలకలు) ఉంటే మాత్రం తాత్కాలికంగా పుట్టీతో నిలబెట్టండి. స్కర్టులు బిగించి ఉండగా స్ప్రే చేసిన ట్యాంకులో మచ్చ స్కర్టు మీద నుంచి హల్ (ట్యాంకు కింది ప్రధాన భాగం) మీదికి సాగుతుంది, స్కర్టు వెనక దాగిన భాగం బేస్ రంగులోనే మిగులుతుంది.

2. బేస్ రంగు వేయండి.

లేత రంగు ముందు, ముదురు తర్వాత. జర్మన్ స్కీమ్‌లో ముదురు పసుపు బేస్. నాటోలో ఆకుపచ్చ బేస్, దాని మీద గోధుమ, చివర్లో నలుపు. పెయింట్ ఒక వంతుకు థిన్నర్ ఒక వంతు, ఒత్తిడి 15 నుంచి 18 పీఎస్ఐ. ఒకేసారి తడిసిపోయేలా కాకుండా మూడు పలచని కోట్లు వేయండి.

బేస్ రంగులో పదో వంతు తెలుపు లేదా లేత బఫ్ (పసుపు ఛాయ ఉన్న లేత గోధుమ) కలపమని నా సలహా. చిన్న వస్తువు మీద ఏ రంగైనా అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది, పైగా చివర్లో వేసే వాష్ (సందుల్లోకి పారే పలచని ముదురు రంగు) ఇంకో మెట్టు ముదురు చేస్తుంది. మిగతా రెండు రంగులకూ ఇదే వర్తిస్తుంది. నాటో నలుపును అచ్చంగా నల్లగా వదలకండి, కొంచెం గ్రే కలపండి.

బేస్ రంగు కలిపింది కాస్త మిగిల్చి మూత పెట్టి ఉంచుకోండి. ఆరో మెట్టులో ఇది లేకపోతే పని ఆగిపోతుంది.

3. మచ్చలను ముందు కాగితం మీద, తర్వాత మోడల్ మీద గీయండి.

కిట్ కలర్ గైడ్‌ను ఫోటోకాపీ తీసి, మోడల్ సైజుకు పెంచుకోండి. పాంజర్ 4 బారెల్ కాకుండా దాదాపు 5.9 మీటర్లు, అంటే మోడల్ సుమారు 17 సెం.మీ. గైడ్‌లో బొమ్మ 8.5 సెం.మీ. ఉంటే రెండింతలు పెంచాలి.

తర్వాత మోడల్ మీద మెత్తటి తెల్ల పెన్సిల్‌తో చాలా తేలిగ్గా మచ్చల హద్దులు గీయండి. నల్ల పెన్సిల్ వద్దు, గ్రాఫైట్ మెరుపు పెయింట్ కింద నుంచి కనిపిస్తుంది.

గీసేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే. క్యామోఫ్లాజ్ పని వాహనం ఆకారాన్ని ముక్కలు చేయడం. అందుకని మచ్చ పక్క ప్లేటు మీద మొదలై అంచు దాటి పై ప్లేటు మీదికి ఎక్కాలి. టరెట్ మూల మీద నుంచి మడతపడాలి. కొత్తవాళ్లు ఒక్కో ప్లేటును ఒక్కో కాగితంలా చూసి, ప్రతి దాని మధ్యలో ఒక మచ్చ పెట్టి, అంచు దగ్గర ఆపేస్తారు. ఆవు మచ్చలు అలాగే తయారవుతాయి. రెండో కారణం, అన్ని మచ్చలూ ఒకే సైజు, ఒకే దూరం. నిజమైన స్కీముల్లో వాటాలు సమానంగా ఉండవు. అమెరికా సైన్యం 1970లలో వాడిన నాలుగు రంగుల ఎంఈఆర్‌డీసీ పద్ధతిలో రెండు ప్రధాన రంగులు 45 శాతం చొప్పున, మిగతా రెండూ 5 శాతం చొప్పున మాత్రమే. ఆ చిన్న 5 శాతం నల్ల కొమ్మలే మొత్తం డిజైన్‌కు ప్రాణం పోస్తాయి. మన జర్మన్ ట్యాంకుకు పసుపు సగం, మిగతా సగంలో ఆకుపచ్చ ఎక్కువ, గోధుమ తక్కువ అనుకుని గీస్తే బాగా వస్తుంది.

4. పెయింట్ పలచన చేసి చెంచా మీద పరీక్షించండి.

పని చెడేదీ బాగుపడేదీ ఈ మెట్టు దగ్గరే. క్యామో గీతలకు పెయింట్ ఒక వంతు, థిన్నర్ రెండు వంతులు. కావాలంటే రెండున్నర. ఒత్తిడి 8 నుంచి 12 పీఎస్ఐ. నాజిల్ (ఎయిర్‌బ్రష్ మూతి) మోడల్‌కు ఒకటి రెండు సెం.మీ. దూరంలోనే ఉండాలి.

ప్లాస్టిక్ చెంచా వీపు మీద గీత గీయండి. అది వంపు తిరిగి ఉంటుంది కాబట్టి కాగితం కంటే ఇదే మంచి పరీక్ష. కాగితం పెయింట్‌ను పీల్చేసి అబద్ధం చెబుతుంది.

- గీత నుంచి సాలీడు కాళ్లలా రంగు పక్కలకు పాకితే, ఒత్తిడి ఎక్కువైంది లేదా పెయింట్ మరీ పలచన. ముందు ఒత్తిడి తగ్గించండి.
- గీత చుట్టూ ఇసుక చల్లినట్టు చుక్కలు పడితే, పెయింట్ చిక్కగా ఉంది లేదా దూరం ఎక్కువైంది.
- గీత మధ్యలో తెగుతుంటే నీడిల్ కొన మీద పెయింట్ ఎండింది. థిన్నర్‌లో ముంచిన కాటన్ బడ్‌తో తుడవండి. పని జరుగుతున్నంతసేపూ రెండు మూడు నిమిషాలకోసారి ఇలా తుడవాల్సిందే.

2 మి.మీ. వెడల్పు గీతను పది సార్లు వరసగా గీయగలిగితేనే మోడల్ దగ్గరికి వెళ్లండి. లేదంటే ఆ రోజంతా చెంచాల మీదే గడిపినా పర్వాలేదు.

5. ముందు హద్దు, తర్వాత లోపల.

గోధుమ రంగుతో మొదలుపెట్టండి. ట్రిగ్గర్ నొక్కి ముందు గాలి వదలండి, చేయి కదులుతుండగా రంగు వదలండి, చేయి ఆగకముందే రంగు ఆపండి. ఈ వరస తప్పితే గీత రెండు చివర్లా బొట్లు పడతాయి. పెన్సిల్ గీతకు కాస్త లోపలి వైపు హద్దు గీయండి. నాజిల్‌ను మచ్చ లోపలి వైపుకు కొద్దిగా వంచి పట్టుకోండి. అప్పుడు చెదిరే రంగు మచ్చ లోపలే పడుతుంది.

హద్దు అయ్యాక లోపల నింపండి. ఒక్క దెబ్బకు నిండదు, పలచని పెయింట్ కదా. రెండు మూడు సార్లు తిరగండి. అక్కడక్కడా కాస్త పలచగా మిగిలితే వదిలేయండి, యూనిట్లలో పెట్రోలు కలిపి కొట్టిన రంగు అలాగే ఉండేది. గోధుమ మొత్తం అయ్యాక అరగంట ఆగి ఆకుపచ్చ.

6. బేస్ రంగుతో అంచు దిద్దండి.

చాలామంది ఆకుపచ్చ అవ్వగానే పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఇందాక దాచుకున్న పసుపును అదే పలుచదనంలో కలిపి, మచ్చల బయటి అంచు వెంట సన్నగా తిరగండి. ఎక్కడ మసక వెడల్పైందో, ఎక్కడ చుక్కలు చెదిరాయో అక్కడ పసుపు వాటిని తినేస్తుంది. 5 మి.మీ. ఉన్న మసక 2 మి.మీ.కి దిగుతుంది. నా అనుభవంలో మోడల్‌ను మార్చేది ఈ ఒక్క మెట్టే. మచ్చలు వేయడానికి గంట పడితే దీనికి ఇంకో గంట పెట్టండి, ఆ గంట ఎక్కడికీ పోదు.

7. గ్లాసీ వార్నిష్, డీకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు), వాష్, మ్యాట్ వార్నిష్, ఈ వరసలోనే.

మ్యాట్ పెయింట్ మీద నేరుగా డీకాల్ అంటిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. అందుకే ముందు గ్లాసీ వార్నిష్. వాష్ తర్వాత మూడు రంగుల మధ్య తేడా కాస్త తగ్గి, అవి ఒకదానితో ఒకటి కలిసినట్టు అవుతాయి. మ్యాట్ వార్నిష్ అయ్యాకే పనిముట్లు అంటించండి.

గట్టి అంచు కావాలంటే: పుట్టీ, టేప్

నాటో స్కీమ్‌కు, యుద్ధం చివర్లో వచ్చిన కొన్ని జర్మన్ స్కీమ్‌లకు అంచు దాదాపు గట్టిగా ఉండాలి. పోస్టర్ పుట్టీని చేతుల మధ్య సన్నటి తాడులా చుట్టి హద్దు మీద పెట్టండి, వెనక భాగాన్ని టేప్‌తో కప్పేయండి. పుట్టీ తాడు గుండ్రంగా ఉంటే దాని వంపు కింద కొద్దిగా రంగు దూరి కాస్త మెత్తటి అంచు వస్తుంది. తాడును నొక్కి అణిస్తే గట్టి అంచు. స్ప్రే ఎప్పుడూ నిలువుగా పై నుంచే కొట్టండి. పక్క నుంచి కొడితే పుట్టీ ఒకవైపు రంగు గుట్టపడి, రెండోవైపు పడదు.

మాస్క్ వేయడానికి ముందు కింది రంగు కనీసం ఒక రోజు ఆరాలి. ముట్టుకుంటే ఆరినట్టు ఉండటం వేరు, టేప్‌కు తట్టుకునేంత ఆరటం వేరు. పని అవ్వగానే పుట్టీ తీసేయండి. రాత్రంతా వదిలేస్తే కొన్ని రకాలు నూనె మరక వదులుతాయి.

టేప్ వాడటం నేర్చుకోవాలనుంటే ఇంకో మంచి సబ్జెక్ట్ ఉంది. 1980లలో బెర్లిన్‌లో ఉన్న బ్రిటిష్ చీఫ్‌టెన్ ట్యాంకులకు నగరంలో కలిసిపోవడానికి తెలుపు, బూడిద, గోధుమ రంగుల్లో దీర్ఘచతురస్రాలు వేశారు. అన్నీ తిన్నని గీతలే. టేప్, పదునైన బ్లేడు ఉంటే చాలు.

ఎయిర్‌బ్రష్ లేనివాళ్లకు

బేస్‌కు స్ప్రే క్యాన్ వాడండి, మచ్చలకు బ్రష్. దీనికి నీళ్లతో పలచన చేసే యాక్రిలిక్‌లు తీసుకోండి. ఆల్కహాల్ కలిసిన యాక్రిలిక్‌లను బ్రష్‌తో వేస్తే రెండో కోటు కింది కోటును లేపేస్తుంది. ఒక్కో మచ్చకు మూడు నాలుగు పలచని కోట్లు, ప్రతి కోటూ పూర్తిగా ఆరాక. అంచు మెత్తబడాలంటే రెండు రంగులను సమానంగా కలిపి హద్దు వెంట అర మిల్లీమీటరు గీత గీయండి. చెయ్యి చాచినంత దూరం నుంచి చూస్తే స్ప్రే అంచులాగే ఉంటుంది.

సైనికుల యూనిఫాం

ట్యాంకు మీద నిలబెట్టే 1/35 సైనికుడు 5 సెం.మీ. ఎత్తుంటాడు. ఇక్కడ తప్పంతా సైజులోనే జరుగుతుంది. అమెరికా 1981లో తెచ్చిన వుడ్‌ల్యాండ్ డిజైన్, అంతకుముందున్న ఆకుల డిజైన్‌ను 60 శాతం పెంచి చేసినది. చిన్న మచ్చలు దూరం నుంచి కలిసిపోయి ఒకే ముదురు రంగులా కనిపిస్తాయన్నది దాని వెనకున్న ఆలోచన. మీ బొమ్మ మీద కూడా అదే జరుగుతుంది. బట్ట మీద 7 సెం.మీ. మచ్చ 1/35లో 2 మి.మీ. అంతకంటే తగ్గించకండి, కొంచెం పెద్దదైనా పర్వాలేదు.

వుడ్‌ల్యాండ్‌కు ముందు ఆకుపచ్చ వేసి, మడతల్లో నీడలు, ఎత్తుల మీద వెలుగులు దిద్దుకోండి. తర్వాత గోధుమ మచ్చలు, వాటి మధ్య ఇసుక రంగు మచ్చలు, చివర్లో కొమ్మల్లా సన్నని నల్ల గీతలు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. డిజైన్ బట్ట మీద అచ్చేసింది కాబట్టి మడత వచ్చిందని మచ్చ ఆగదు, మడత మీదుగా సాగిపోతుంది. కుట్టు దగ్గర మాత్రం తెగుతుంది. భుజం కుట్టు, జేబు మూత, కాలర్ వేరు వేరు గుడ్డ ముక్కలు, అక్కడ మచ్చలు కలవకూడదు. ఈ ఒక్క చిన్న పని చేస్తే బొమ్మ వేసుకున్నది నిజంగా కుట్టిన బట్టలా ఉంటుంది.

జర్మన్ ఫ్లెక్‌టార్న్ ఐదు రంగుల చుక్కల డిజైన్. చుక్కలను సమానంగా చల్లకుండా గుంపులు గుంపులుగా పెట్టండి. డిజిటల్ డిజైన్‌లలో పిక్సెల్ అసలు బట్ట మీదే కొద్ది మిల్లీమీటర్లు, 1/35లో వెంట్రుక మందం. దాన్ని బ్రష్‌తో వేయబోకండి. అడ్డంగా, నిలువుగా పొట్టి గీతలతో గుంపులు చేస్తే సరిపోతుంది, లేదా ఆ డిజైన్ అచ్చేసిన డీకాల్స్ వాడండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మోడల్‌ను 3 మీటర్ల దూరంలో పెట్టండి. 1/35లో అది అసలు ట్యాంకును 105 మీటర్ల నుంచి చూడటంతో సమానం. మచ్చలన్నీ కలిసిపోయి ఒకే రంగు ముద్దలా ఉంటే మచ్చలు మరీ చిన్నవి లేదా రంగుల మధ్య తేడా చాలలేదు. మచ్చలే ముందు కనబడి ట్యాంకు ఆకారం తర్వాత కనబడితే మీరు గెలిచినట్టే. ప్లేటు అంచులన్నీ ఇంకా గీత గీసినట్టు కనిపిస్తుంటే మచ్చలు అంచు దాటలేదని అర్థం. వెనక్కి వెళ్లి రెండు మూడు మచ్చలను మూల మీదికి సాగదీయండి.

తర్వాత ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఆకుపచ్చ, గోధుమ రెండూ ఒకే బూడిద రంగుగా కనిపిస్తే ఒకదాన్ని కాస్త లేతగా చేయాలి. రంగుల్లో చూస్తున్నప్పుడు కన్ను ఈ సంగతి దాచేస్తుంది. యుద్ధకాలపు ఫోటోలు చాలావరకు బ్లాక్ అండ్ వైటే కాబట్టి, మీ ఫోటోను వాటి పక్కన పెట్టి పోల్చుకునే వీలు కూడా ఉంది.

చివరిగా టరెట్‌ను పక్కకు తిప్పి చూడండి. టరెట్ నేరుగా ఉన్నప్పుడు మాత్రమే హల్ మచ్చలతో కలిసి, తిప్పగానే తేడాగా ఉంటే కంగారు పడకండి. అసలు ట్యాంకుల్లోనూ అంతే. కానీ టరెట్ కింద, హల్ మీద గుండ్రంగా రంగు పడని వలయం కనిపిస్తే అది సరిచేయాల్సిందే. టరెట్ ఊడదీసి, అక్కడి మచ్చలను లోపలికి ఒక సెంటీమీటరు పొడిగించి, పసుపుతో అంచు దిద్ది, దాని మీద మాత్రం మళ్లీ మ్యాట్ వార్నిష్ వేయండి.